సల ఊరు సోలో ఎలా అయింది? జావా భాషపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో జావా ద్వీపపు తోలుబొమ్మలాటను పరిచయం చేస్తూ మేము ప్రచురించిన చిన్న వ్యాసానికి అనుకున్న దానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. చిత్రమేమిటంటే, వాటిలో బొమ్మలను గురించి అడిగినవారు తక్కువ, ఆ బొమ్మల చేత మాట్లాడించే భాషను గురించి అడిగినవారు ఎక్కువ. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: ఇటీవల ప్రంబానన్ ఆలయాలు చూడటానికి వెళ్ళి, అక్కడి నుంచి రైలులో పక్క నగరానికి వెళ్ళాము. స్టేషను పలక మీద ‘సోలో’ అని ఉంది. ఊళ్ళోని ప్రభుత్వ కార్యాలయాల మీద ‘సురకర్త’ అని ఉంది. వెంట వచ్చిన గైడు అసలు పేరు ‘సల’ అన్నాడు. పైగా తన భాష పేరు ‘జొవొ’ అన్నాడు. ఒక్క ఊరికి ఇన్ని పేర్లేమిటి? – విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేర్లు రెండే, మూడవది ఉచ్చారణ. 1745లో మాతరం రాజులు తమ కోటను కర్తసుర నుంచి సల అనే పల్లెకు మార్చి, కొత్త రాజధానికి సురకర్త అని నామకరణం చేశారు. రాజు పెట్టిన పేరు కాగితాల మీద నిలిచింది, పల్లె పేరు జనం నోట నిలిచింది. ఆ నోటి నుంచి విని రాసుకున్నవారి చేతిలో ‘సల’ కాస్తా ‘సోలో’ అయింది.

ఎందుకంటే జావా భాషలో పదం చివర హల్లు లేకుండా అకారం వస్తే అది అకారంగా పలకదు. మనలో ఇంగ్లీషు చదువుకున్నవారు ‘హాల్’, ‘బాల్’ అనేటప్పుడు ఆకారానికీ ఓకారానికీ మధ్య ఒక ధ్వని పలుకుతారు కదా, దానికి దగ్గరగా ఉండే శబ్దంగా మారుతుంది. దానికి మన లిపిలో అక్షరం లేదు కనుక ఇక్కడ ‘ఒ’ అని రాస్తున్నాను. చివరి అక్షరం అలా మారినప్పుడు దాని ముందున్న అక్షరం కూడా అకారమే అయితే అదీ వెంట మారుతుంది. కాబట్టి రాసేది ‘జవ’, పలికేది ‘జొవొ’. రాసేది ‘సల’, పలికేది ‘సొలొ’. ‘దయచేయండి, కానివ్వండి’ అనే అర్థంలో రోజుకు వందసార్లు వినిపించే ‘మంగ్గ’ను ‘మొంగ్గొ’ అనే అంటారు.

ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఇండొనేషియా అధ్యక్షుల పేర్లు మనకు చుట్టాల పేర్లలా కనిపిస్తాయి. సుకర్నో అంటే సుకర్ణుడు, మన కర్ణుడి పేరే. సుసిలో అంటే సుశీల, అక్కడ అది మగవారి పేరు. ప్రబోవో అంటే ప్రభావమే. ‘ప్రబవ’లో చివరి రెండు అకారాలు మాత్రమే మారి మొదటిది మారకుండా నిలవడం గమనించండి. మెగవతి పేరు ఇకారంతో ముగుస్తుంది కనుక ఆమె పేరులోని అకారాలకు ఏ ఇబ్బందీ రాలేదు.

అలాగైతే పలికినట్టే ‘ఒ’ అని రాసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఈనాటి కుర్రకారు ఫోను సందేశాలలో అలాగే రాస్తున్నారు, బడి పంతుళ్ళు కోప్పడుతూనే ఉన్నారు. నేను పంతుళ్ళ పక్షం. స్నేహితుడిని ‘కొంచొ’ అంటారు. ‘అతని స్నేహితుడు’ అనడానికి ప్రత్యయం చేర్చగానే అది ‘కంచనె’ అవుతుంది, అంటే లోపల దాగి ఉన్న అకారం బయటపడుతుంది. అంతేకాక, ‘లొరొ’ అని అసలైన ఒకారాలతో పలికితే ‘రెండు’ అని అర్థం. ‘లర’ అని రాసి పైన చెప్పిన మధ్యస్థ ధ్వనితో పలికితే ‘జబ్బు’ అని అర్థం. రెండింటినీ ఒకే విధంగా రాస్తే డాక్టరు చీటీలో ఎంత తికమకో ఊహించండి.

ఈ మార్పు జావా అంతటా లేదు. పడమటి వైపు బన్యుమస్, తెగల్ ప్రాంతాల వారు అకారాన్ని అకారంగానే పలుకుతారు. పాత రాజధానులైన సోలో, జోగ్జా (యోగ్యకర్త) నగరాల వారు పదం చివరి కకారాన్ని గొంతులోనే నొక్కేసి ‘బపక్’ను ‘బపా’ అని చటుక్కున ఆపితే, బన్యుమస్ వారు ‘బపక్’ అని కకారాన్ని ఖణీమని వినిపిస్తారు. అందుకే వారి యాసకు ‘ఙపక్’ అని పేరు పడింది. రాజధానుల వారు ఆ యాసను చూసి నవ్వుతారు, హాస్యనటులు దానితోనే నవ్విస్తారు. అయితే అకారం విషయంలో పాత పలుకుబడిని నిలుపుకున్నది ఆ నవ్వులపాలైన యాసే.

ప్రశ్న: మీ వ్యాసంలో ఘటోత్కచుడి బొమ్మ కింద రోమన్ లిపిలో ఉన్న పేరులో ‘టి’ పక్కన ‘హెచ్’ ఉంది. అంటే ‘గథోత్కచ’ అని చదవాలా? అచ్చు తప్పా? – పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అచ్చు తప్పు కాదు, ‘గథోత్కచ’ కూడా కాదు. మన అలవాటే ఇక్కడ మనల్ని పక్కదారి పట్టిస్తుంది. మనం ‘లత’ అని రోమన్ లిపిలో రాసేటప్పుడు తకారానికి ‘టి’ పక్కన ‘హెచ్’ చేరుస్తాము, టకారానికి ఒంటి ‘టి’ సరిపెడతాము. జావా వారి పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. వారికి ఒంటి ‘టి’ అంటే త, ‘హెచ్’ చేరితే ట. ఒంటి ‘డి’ అంటే ద, ‘హెచ్’ చేరితే డ. కాబట్టి ఆ పేరును ‘గటోత్కచ’ అని చదవాలి, వారి నోట చివరికి ‘గటోత్కొచొ’ అవుతుంది. సంస్కృతంలోని టకారాన్ని వారు ఎంత భద్రంగా దాచుకున్నారో చూడండి. ఆ వీరుడు ఆకాశంలో ఎగురుతాడని వారి బొమ్మలాటలో ప్రసిద్ధి, 1995లో ఇండొనేషియా సొంతంగా తయారు చేసి ఎగురవేసిన విమానానికి ఆయన పేరే పెట్టారు.

త–ట, ద–డ భేదం జావా భాష చేరిన ఆస్ట్రోనేషియన్ కుటుంబపు భాషల్లో అంత సాధారణం కాదు. జావా నేర్చుకునే ఐరోపా వారికి ఇది పెద్ద పరీక్ష. మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ‘వెది’ అంటే భయపడటం, ‘వెడి’ అంటే ఇసుక. ‘తుతుక్’ అంటే గౌరవంగా చెప్పే నోరు, ‘టుటుక్’ అంటే కొట్టడం. వారి ట, డలకు నాలుక మనంత వెనక్కి మడవదు, పళ్ళ వెనుక చిగురు దగ్గరే ఆగుతుంది, అయినా మన ట, డలు పలికితే ఎవరికీ అపార్థం కలగదు. మన దుకాణాల్లో ‘బాతిక్’ అనీ ‘బాటిక్’ అనీ వినబడే చీరల అద్దకం పేరు కూడా వారి భాషలో టకారంతోనే ఉంది. బొమ్మలాడించే ఆయన ‘డలంగ్’, దలంగ్ కాదు.

మరి మనకు కష్టమయ్యేది ఎక్కడంటే, సులువనిపించే బ, ద, డ, జ, గ అక్షరాల దగ్గర. తెలుగులో ఇవి పలికేటప్పుడు కంఠం నాదంతో మోగుతుంది. జావాలో ఆ మోత ఉండదు. కంఠాన్ని వదులుగా ఉంచి పలికి, వెనక వచ్చే అచ్చులో కాస్త ఊపిరి కలుపుతారు, నిట్టూరుస్తూ మాట్లాడినట్టు ఉంటుంది. మన చెవికి అది బకారమా, పకారమా అనే సందేహం కలుగుతుంది. వారు మాత్రం ‘పకు’ అంటే మేకు, ‘బకు’ అంటే ప్రధానమైనది అని ఏ తడబాటూ లేకుండా వేరుచేసి వింటారు. ఊరి పేరు బకారంతోనో దకారంతోనో మొదలైతే ముందొక అనునాసికం తగిలిస్తారు, బాండుంగ్‌ను ‘మ్బాండుంగ్’ అంటారు. ఇండొనేషియన్ మాట్లాడుతున్నప్పుడు కూడా ఈ బరువైన ధ్వనులు వదలకపోతే ఆ మనిషిని ‘మెడొక్’ అంటారు. ‘యాస దిగలేదు’ అని మనం అన్నట్టు. ఇందులో ఎంత వెక్కిరింపు ఉందో అంత మురిపెమూ ఉంది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మనం వర్ణమాలలో ఙ, ఞ అక్షరాలు వల్లించి జీవితాంతం వాటి జోలికి పోము. జావాలో పదం ఙకారంతో మొదలవుతుంది. వారి మామూలు మాటతీరు పేరే ‘ఙొకొ’. నీళ్ళను ‘బఞు’ అంటారు. పలక మీద దిద్దిన అక్షరాలు ఎక్కడ పనికొస్తాయా అని ఎవరైనా చిన్నప్పుడు విసుక్కుని ఉంటే, ఆ చోటు ఇదే.

ప్రశ్న: మావారి ఉద్యోగరీత్యా మూడేళ్ళుగా సురబయలో ఉంటున్నాము. కూరగాయల బండి తెచ్చే అమ్మాయి దగ్గర నాలుగు జావా మాటలు నేర్చుకున్నాను. ఒకరోజు మా ఇంటి యజమానురాలి అత్తగారిని భోజనానికి పిలిచి, వడ్డించి, ఎంతో ఉత్సాహంగా ‘మఙాన్’ అన్నాను. పిల్లలు కిసుక్కున నవ్వారు, పెద్దావిడ చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. ‘తినండి’ అనే కదా అన్నాను, తప్పేమిటి? – గృహిణి, సురబయ

జవాబు: అమ్మా, మాట తప్పు కాదు, ఆవిడతో అనవలసిన మాట కాదు. మీరన్నది ‘తినండి’ కాదు, ‘తిను’.

మన భాషలో గౌరవం ఎక్కువగా క్రియ చివర ఉంటుంది. ‘తిను’కు ‘అండి’ చేరిస్తే పని జరిగిపోతుంది. జావా క్రియకు అలాంటి తోక లేదు. నేను, నువ్వు, ఆయన – ఎవరు తిన్నా క్రియ రూపం ఒక్కటే. అందుచేత గౌరవం చూపాలంటే మాటనే మార్చివేయాలి. తోటివారితో, చిన్నవారితో మాట్లాడేది ఙొకొ. కొత్తవారితో, పెద్దవారితో మాట్లాడేది ‘క్రమ’, మన సంస్కృతంలోని క్రమమే, వారి నోట ‘క్రొమొ’. ఈ రెండింటికీ మధ్య బజారులో పనికివచ్చే ‘మద్య’ అనే మధ్యస్థ స్థాయి ఒకటుంది. వీటన్నిటి పైన ‘క్రమ ఇంగ్గిల్’ అనే ఉన్నత పదాల సముదాయం ఉంది, అది కేవలం గౌరవనీయుల శరీరాన్నీ, వస్తువులనూ, పనులనూ చెప్పడానికే.

తినడానికి ఙొకొలో మఙాన్, క్రమలో నెడొ, ఉన్నత పదం డహర్. నిద్రపోవడానికి తురు, తిలెమ్, సరె. ఇంటికి ఒమహ్, గ్రియొ, దలెమ్. వెళ్ళడానికి లుఙొ, కెసహ్, తిందక్. మీరు ఆ పెద్దావిడతో ‘మొంగ్గొ డహర్’ అని ఉంటే ఇంటిల్లిపాదీ మిమ్మల్ని మెచ్చుకునేవారు. మనకూ ఇలాంటివి కొన్ని లేకపోలేదు. దేవుడు తినడు, ఆరగిస్తాడు. పీఠాధిపతి రారు, విచ్చేస్తారు. అలాంటివారు చనిపోరు, పరమపదిస్తారు. మనకు ఇవి గుడికీ శుభలేఖకూ పరిమితం. జావా వంటింట్లో ఇవి మూడుపూటలా కావాలి.

ఇక్కడే ఒక గుంట ఉంది, దానిలో నేనూ ఒకసారి పడ్డాను. జోగ్జాలో ఒక ఇంటికి వెళ్ళినప్పుడు భోజనం అయిందా అని అడిగితే, బాగా చదువుకుని వెళ్ళిన గర్వంతో ‘కులొ సంపున్ డహర్’ అన్నాను. ‘నేను ఆరగించి వచ్చాను’ అన్నట్టు అయింది. ఉన్నత పదం ఎంత మర్యాదైనదో అంతగా అది ఎదుటివారిదే, మన గురించి మనం ఎన్నడూ వాడుకోకూడదు. నేను అనవలసింది ‘కులొ సంపున్ నెడొ’. నా ఆతిథేయులు తప్పు ఎత్తిచూపలేదు. కాసేపటికి వేరే సందర్భంలో ఆ రెండు పదాలనూ సరైన చోట వాడి వినిపించారు. జావాలో మందలింపు ఇలాగే ఉంటుంది.

ఇవ్వడం, చెప్పడం వంటి పనులకు ఇంకా సూక్ష్మమైన ఏర్పాటు ఉంది. పెద్దవారు చిన్నవారికి ఇస్తే ‘పరింగ్’, చిన్నవారు పెద్దవారికి ఇస్తే ‘చఒస్’. మన ప్రసాదించడం, సమర్పించడం లాంటివే. పెద్దలు మాట్లాడితే ‘ఙెందికొ’, పెద్దలతో మనం మాట్లాడితే ‘మతుర్’, అంటే విన్నవించుకోవడం. ధన్యవాదాలు చెప్పే ‘మతుర్ నువున్’లో ఉన్నది ఆ విన్నపమే. మిమ్మల్ని పిలిచే మాటలూ ఇంతే. స్నేహితుల మధ్య ‘కొవె’, మీరుండే సురబయలో మర్యాదకు ‘సంపెయన్’, సోలో వైపు పెద్దలకు ‘పంజెనెఙన్’. ‘సంపెయన్’ అంటే గౌరవనీయుల పాదం అని కూడా అర్థం. మనం ఆచార్యులను ‘పాదులు’ అన్నట్టే మాట కాళ్ళ దగ్గర మొదలై మనిషికి అన్వయించింది.

పిల్లలు ఇదంతా పుస్తకంలో నేర్చుకోరు. తండ్రి పక్కనే ఉన్నా తల్లి బిడ్డతో ‘నాన్న తిన్నారా?’ అని అడిగేటప్పుడు మిగతా వాక్యం ఙొకొలో ఉంచి, తినడానికి మాత్రం ‘డహర్’ వాడుతుంది, బిడ్డ చెవిలో ఆ మాట పడాలని. పెద్దలు పేరు పెట్టి పిలిస్తే బిడ్డ ‘దలెమ్’ అని పలకాలి. మర్యాద ఇంకా అబ్బని పిల్లలను ‘దురుంగ్ జొవొ’ అంటారు, ‘ఇంకా జావా కాలేదు’ అని. జావాలో పుట్టినంత మాత్రాన జావా అవరన్నమాట.

చుట్టరికాలు మాత్రం మీకు సులువు. ‘గెడె’ అంటే పెద్ద, ‘చిలిక్’ అంటే చిన్న. తల్లిదండ్రుల అన్నను పక్‌డె, అక్కను బుడె, తమ్ముణ్ణి పక్‌లిక్, చెల్లెలిని బులిక్ అంటారు. పెద్దనాన్న, పెద్దమ్మ, చిన్నాన్న, చిన్నమ్మల అమరికే, కాకపోతే మేనమామకూ మేనత్తకూ వేరే మాట లేదు. పక్‌డె కొడుకు మీకంటే పదేళ్ళు చిన్నవాడైనా వాడిని ‘మస్’ అనే, అంటే అన్నయ్య అనే పిలవాలి. వయసు లెక్కలోకి రాదు, తల్లిదండ్రుల వరసే వస్తుంది.

సురబయ వారు మాటతీరులో సోలో వారంత పట్టింపు మనుషులు కారు. కాబట్టి మీరు అంతగా బాధపడవలసిన పని లేదు. పైగా ఆ ఊరి మాటలో ఒక సొగసుంది, విన్నారో లేదో. ‘పనస్’ అంటే వేడి, ‘చాలా వేడి’ అనడానికి విశేషణం చేర్చకుండా లోపల ఒక ఉకారం దూర్చి ‘పువానస్’ అంటారు. ‘గెడె’ పెద్దదైతే ‘గువెడె’ బహు పెద్దది. మనం ‘బోలె…డన్ని’ అని సాగదీసినట్టే, సాగదీత వారిలో ఒక అక్షరంగా స్థిరపడింది.

ప్రశ్న: జావాలో మూడును ‘తెలు’ అంటారట. త్రిలింగం నుంచే తెలుగు వచ్చిందంటారు కదా, ఈ రెండింటికీ సంబంధం ఉందా? నీటికి ‘తోయ’, చేతికి ‘అస్త’, బిడ్డకు ‘పుత్ర’ అనే మాటలు కూడా ఉన్నాయని చదివాను. – పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: మొదటిదానికి సంబంధం లేదు. జావా అంకెలు సిజి, లొరొ, తెలు, పపత్, లిమొ, ఎనెమ్, పితు, వొలు, సొఙొ, సెపులుహ్. ఆ ‘తెలు’ను ఫిలిప్పీన్స్ తగలోగ్‌లోని ‘తత్లో’, మడగాస్కర్‌లోని ‘తెలు’, న్యూజిలాండ్ మావోరీలోని ‘తోరు’ పక్కన పెట్టండి. ఏడుకు జావా ‘పితు’, తగలోగ్ ‘పితో’, మడగాస్కర్‌లో ‘ఫితు’. అయిదుకు దాదాపు అంతటా లిమ, రిమ లాంటి మాటే, దాని అసలు అర్థం చెయ్యి. ఇది ఆస్ట్రోనేషియన్ కుటుంబం. తైవాన్ నుంచి పడవల మీద వ్యాపించి, మడగాస్కర్ నుంచి ఈస్టర్ ద్వీపం దాకా పన్నెండు వందలకు పైగా భాషలుగా విడివడింది. మన ద్రావిడ కుటుంబానికీ దానికీ రక్తసంబంధం లేదు. త్రిలింగ వ్యుత్పత్తి మీదే మన పండితులకు ఏకాభిప్రాయం లేనప్పుడు దానికి మరో సముద్రం దాటించడం ఎందుకు?

రెండవ సంగతి నిజం. సంస్కృతం రెండు భాషలకూ కొంగు నిండా మాటలు ఇచ్చింది. నేను గమనించమనేది ఆ మాటలు ఎక్కడ కూర్చున్నాయో. నీళ్ళకు ఙొకొలో బఞు, క్రమలో తోయ. ఇంటికి ఙొకొలో ఒమహ్, క్రమలో గ్రియ. డబ్బుకు ఙొకొలో డచ్చి వారి నాణెం పేరైన డువిత్, క్రమలో అర్త. బిడ్డకు అనక్, గౌరవపదం పుత్ర. చేతికి తఙన్, గౌరవపదం అస్త. తలకు మోటుగా ఎండస్, మర్యాదకు సిరహ్, మహామర్యాదకు ముస్తక, అంటే శిరస్సు, మస్తకం. తెలుగులో ఇల్లు కంటే గృహం, తల కంటే శిరస్సు పెద్దరికంగా వినబడుతుంది కదా, అదే భావన అక్కడ వ్యాకరణమై కూర్చుంది. అన్ని గౌరవపదాలూ సంస్కృతం కావు. చాలావరకు దేశీ పదాల చివర మార్చి చేసుకున్నవే. జవకు మర్యాద రూపం జవి, దినకు దింతెన్, సెమరంగ్ నగరానికి కూడా మర్యాద రూపం సెమవిస్. ఊరికి కూడా మర్యాద చేసే భాష మరొకటి నాకు తారసపడలేదు.

ప్రశ్న: జావా భాషకు సొంత లిపి ఉందా? – పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉంది. దక్షిణ భారతపు పల్లవ లిపి నుంచి పుట్టి, వేల మైళ్ళ దూరంలో మన లిపికి పినతండ్రి బిడ్డ లాంటిది అయింది. తేదీ ఉన్న జావా శాసనాల్లో అతి పాతది 804 నాటిది, కెడిరి ప్రాంతంలో దొరికింది. ఇప్పటి అక్షరమాలలో ఇరవై హల్లులు, వాటి వరుస ‘హ న చ ర క’ అని మొదలై ఒక కథగా సాగుతుంది. ఇద్దరు సేవకులు యజమాని ఆజ్ఞ కోసం తగవులాడుకుని, సమాన బలులై, ఇద్దరూ శవాలయ్యారని ఆ కథ. మన పిల్లలకు అఆలు వల్లించినంత సహజంగా అక్కడి పిల్లలు ఆ విషాదాన్ని వల్లిస్తారు.

మన ఒత్తుల్లాంటివి వారికీ ఉన్నాయి, వాటిని ‘పసంఙన్’ అంటారు. హల్లు కింద హల్లు వేలాడుతుంది. నాకు ముచ్చట గొలిపేవి రెండు విషయాలు. జావా భాషలో మహాప్రాణాల ఉచ్చారణ లేదు. ఖ, భ వంటి పాత అక్షరాలు పనిలేక మిగిలిపోతే వాటిని పారవేయకుండా గౌరవనీయుల పేర్లు రాయడానికి కేటాయించారు. పలకడం బకారమే, రాజు పేరైతే భకారంతో రాస్తారన్నమాట. ఇక ఋ, ఌ. మనం ఋకారాన్ని ‘రు’ అంటాము, ఉత్తరాది వారు ‘రి’ అంటారు, జావా వారు పొట్టి ఎకారం లాంటి అస్పష్టమైన అచ్చుతో ‘రె’ అంటారు. అందుకే కృష్ణుడు క్రెస్న, వృకోదరుడు వెర్కుదర. ఆ ‘రె’, ‘లె’ ధ్వనులు వారి సొంత పదాల్లోనూ కొల్లలు కనుక, మనం వర్ణమాల నుంచే సాగనంపిన ఌకారం అక్కడ ఈనాటికీ రోజువారీ అక్షరంగా బతుకుతోంది.

అయితే వీధి పలకల మీద తప్ప ఈ లిపిని ధారాళంగా చదవగలవారు తగ్గిపోయారు. వాడుకంతా రోమన్ లిపిలోనే.

ప్రశ్న: ఏడెనిమిది కోట్లమంది మాట్లాడే భాష, అంటే దాదాపు తెలుగంత. అలాంటి భాష కూడా క్షీణిస్తోందని రాశారు. అతిశయోక్తి కాదా? – బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: భాష పోతుందని నేను రాయలేదు, దానిలో ఒక అంతస్తు కూలుతోందని రాశాను.

1928 అక్టోబరు 28న యువజనులు ప్రతిజ్ఞ చేసినప్పుడు దేశానికి ఉమ్మడి భాషగా మలయా భాషనే ఎంచుకున్నారు. దేశ జనాభాలో అయిదింట రెండు వంతులు జావా జాతివారైనా వారి భాషను తీసుకోలేదు. రేవుపట్టణాలన్నిటా వర్తకులకు తెలిసిన భాష కావడం ఒక కారణం. ఎదుటివారి హోదా తూచకుండా వాక్యం మొదలుపెట్టగల భాష కావడం మరొక కారణం. ఆ మలయా భాషే ఇండొనేషియన్ అయింది. జావా ‘ప్రాంతీయ భాష’ అయింది, బడిలో వారానికి ఒకటి రెండు గంటల పాఠ్యాంశం అయింది.

ఈనాటి యువకుడు స్నేహితులతో ఙొకొ ధారాళంగా మాట్లాడతాడు. మామగారి ముందుకు వెళ్ళేసరికి ఙొకొ మాట్లాడితే అమర్యాద, క్రమ మాట్లాడబోతే తప్పులు దొర్లుతాయి. డహర్ చోట నెడొ పడుతుందేమోనన్న భయంతో ఇండొనేషియన్‌లోకి తప్పుకుంటాడు. అందులో ఎవరినీ నొప్పించే ప్రమాదం లేదు. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ క్రమ వినడమే జరగదు. మర్యాద కోసం కట్టిన మెట్లే మనుషులను భాష బయటికి దించుతున్నాయి. జనసంఖ్య ఈ నష్టాన్ని ఆపలేదు. 1890 నుంచి 1939 వరకు డచ్చివారు తోటల పనికి దక్షిణ అమెరికాలోని సురినామ్ తీసుకువెళ్ళిన దాదాపు 33,000 మంది సంతతిలో కూడా ప్రధానంగా మిగిలింది ఙొకొయే.

మెట్లు తీసేయాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. 1917లో సురబయలో ‘జవ దీప’ అనే ఉద్యమం, అంటే జావా ద్వీపం పేరుతోనే, అందరూ అందరితో ఙొకొయే మాట్లాడాలని పిలుపునిచ్చింది. ఆ దశకంలోనే మన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కోసం పోరాడుతున్నారు కనుక పోల్చాలనిపిస్తుంది కానీ, పోలిక పైపైనే. మన తగవు రాతకూ మాటకూ మధ్య. వారిది మనిషికీ మనిషికీ మధ్య. గ్రాంథికం వదిలితే తాతగారికి అవమానం జరగదు. తాతగారిని ‘కొవె’ అంటే జరుగుతుంది. ఆ ఉద్యమం నిలవలేదు.

ఇక ఙొకొ సంగతి చూస్తే నిరాశకు తావు లేదు. సురబయలో 1933లో డాక్టర్ సుతోమొ స్థాపించిన ‘పంజెబర్ సెమాఙత్’ అనే జావా పత్రిక తొంభై ఏళ్ళు దాటింది. సోలోలో పుట్టిన గాయకుడు దిదీ కెంపోత్ ముప్పై ఏళ్ళు జావాలో విరహగీతాలు పాడి, 2019లో హఠాత్తుగా కాలేజీ పిల్లలకు ఆరాధ్యుడయ్యాడు. వారు తమను ‘సొబత్ అంబ్యార్’, అంటే ముక్కలైపోయిన నేస్తాలు అని పిలుచుకున్నారు. 2020లో ఆయన మరణించినప్పుడు ‘అంబ్యార్’ అనే ఆ జావా మాట దేశమంతటికీ తెలిసిపోయి ఉంది. ప్రేమలో ఓడిన మనసుకు ఙొకొ చాలు.

ఈ సందర్భంలో బొమ్మలాట భీముడు గుర్తుకొస్తాడు. రాజైనా, గురువైనా, దేవుడైనా అందరితో ఙొకొయే మాట్లాడతాడు. ఒక్క దేవరుచి ముందు మాత్రమే, తన లోపలి పరమాత్మ అరచేతి ఎత్తు రూపంలో ఎదురైనప్పుడు, తలవంచి క్రమ మాట్లాడతాడు. తెర ముందు కూర్చున్న జనానికి ఆ మాట మారడమే పెద్ద ఘట్టం. క్రమ తెలియని తరం వస్తే ఆ ఘట్టం ఎవరికీ వినబడదు.

ప్రశ్న: వచ్చే నెల వారం రోజులు జోగ్జా వెళుతున్నాము. నాలుగు మాటలు చెప్పండి. – పాఠకురాలు, నెల్లూరు

జవాబు: గుమ్మం ముందు ‘కులొ నువున్’ అనండి, లోపలి నుంచి ‘మొంగ్గొ’ అని వస్తుంది. ఎవరి ముందు నుంచైనా దాటిపోతుంటే కాస్త వంగి ‘నువున్ సెవు’ అనండి, వెయ్యి క్షమాపణలు అడిగినట్టు. అవునుకు ‘ఙ్గిహ్’, కాదుకు ‘మ్బొతెన్’, ధన్యవాదాలకు ‘మతుర్ నువున్’.

ఒక్క విషయానికి మాత్రం సిద్ధపడి వెళ్ళండి. బయలుదేరే వారిని ‘ఎక్కడికి?’ అని అడిగితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కసురుకుంటారు, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతారు. అక్కడ అది పలకరింపు. వీధిలో ప్రతివారూ ‘తిందక్ పుంది?’ అంటారు, ‘ఎక్కడికి దయచేస్తున్నారు?’ అని. నిజంగా ఎక్కడికో చెప్పనక్కర లేదు. ‘మ్లంపహ్-మ్లంపహ్’ అంటే చాలు, ఊరికే నడుస్తున్నామని. వారన్నారు కదా అని మీరు కూడా ‘తిందక్’ అనకండి, అది వారు మీకిచ్చిన మాట.